మెడికల్ ఫొటోగ్రఫీ: ఈ దారిలోకి రావాలనుకునే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ చదివేవాళ్లు, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, కొన్నిసార్లు వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. నేను ఖమ్మంలో పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోలో పని నేర్చుకుని, ఆ తర్వాత హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి ఇమేజింగ్ గదిలోకి వచ్చాను. అందుకే ఇక్కడ కంటి గురించి ఎక్కువ ఉంటుంది, మిగతా విభాగాల గురించి తక్కువ.

మెడికల్ ఫొటోగ్రఫీ అంటే ఎక్స్‌రేలు, స్కానింగులు తీయడమేనా?

కాదు. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై రేడియాలజీ వాళ్ల పని, దాని చదువు వేరు. మెడికల్ ఫొటోగ్రాఫర్ డాక్టర్ కంటికి కనిపించేదాన్ని, కొన్నిసార్లు కంటికి అందనిదాన్ని కూడా, కెమెరాతో నమోదు చేస్తాడు. గ్రహణం మొర్రితో పుట్టిన పాప ముఖం ఆపరేషన్‌కు ముందు ఎలా ఉంది, ఆరు నెలల తర్వాత ఎలా ఉంది. కాలిన గాయం వారం వారం ఎలా మానుతోంది. బొల్లి మచ్చ పెరిగిందా, తగ్గిందా. పళ్ల వరస, రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) మీది రక్తనాళాలు, మైక్రోస్కోప్ కింద పెట్టిన స్లైడు, ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ చేతులు, పోస్టుమార్టంలో గాయాలు, ఇవన్నీ ఈ పనిలోకే వస్తాయి.

కేస్ షీట్‌లో "ఎడమ చెంప మీద 2 సెంటీమీటర్ల మచ్చ" అని రాస్తే చదివిన ప్రతి డాక్టరూ ఒక్కోలా ఊహించుకుంటారు. ఫొటో ఉంటే ఆ ఊహకు చోటుండదు.

ఇది కొత్తగా వచ్చిన రంగమా?

ఫొటోగ్రఫీ ఎంత పాతదో ఇదీ దాదాపు అంత పాతదే. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డొన్నే అనే డాక్టర్, భౌతిక శాస్త్రవేత్త లియోన్ ఫూకోతో కలిసి మైక్రోస్కోప్ కింద కనిపించినవాటిని డాగెరోటైప్‌లుగా (లోహపు పలకల మీద తీసే తొలినాటి ఫొటోలుగా) తీశాడు. వాటి ఆధారంగా చేసిన చిత్రాలతో 1845లో అట్లాస్, అంటే బొమ్మల పుస్తకం, వచ్చింది. 1880ల్లో అదే నగరంలోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో ఆల్బర్ట్ లోండ్ ఈ పనినే వృత్తిగా చేశాడు. ఆ రోజుల్లో అక్కడి మహిళా రోగులను ఫొటోలు తీసినప్పుడు ఈ రోజు మనం అడిగినట్టు వాళ్ల ఇష్టాన్ని అడగలేదు. ఆ ఫొటోలు ఇప్పటికీ పుస్తకాల్లో తిరుగుతున్నాయి. ఈ పాత సంగతి ఎందుకు చెబుతున్నానో కింద అనుమతి గురించిన జవాబులో తెలుస్తుంది.

మన దగ్గర "మెడికల్ ఫొటోగ్రాఫర్" అనే ఉద్యోగం నిజంగా ఉందా?

ఉంది కానీ తక్కువ. నోటిఫికేషన్లలో ఈ పేరు వెతుక్కుంటూ కూర్చుంటే నిరాశే మిగులుతుంది. పాత ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఫొటోగ్రాఫర్, ఆర్టిస్ట్ పోస్టులు ఉండేవి, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉన్నాయి. ఎయిమ్స్ లాంటి సంస్థలు అప్పుడప్పుడు పిలుస్తాయి. అవి ఎప్పుడు పడతాయో తెలియదు కాబట్టి వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

పని మాత్రం చాలాచోట్ల ఉంది, వేరే పేర్లతో. కంటి ఆసుపత్రిలో దాన్ని ఆప్తాల్మిక్ ఫొటోగ్రాఫర్ అనో, ఇమేజింగ్ టెక్నీషియన్ అనో అంటారు. ప్లాస్టిక్ సర్జరీ, చర్మవ్యాధులు, డెంటల్ క్లినిక్కుల్లో ఈ పనిని మరో ఉద్యోగానికి కలిపి ఇస్తారు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ వీడియోలు, డాక్టర్ల కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు చేసే చిన్న టీములు ఉంటాయి. ఇక పోలీసు, ఫోరెన్సిక్ వైపు మరో దారి. వీటిలో గట్టి దారి ఏదని అడిగితే కన్ను అంటాను. రెటీనా విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రికీ ఫొటో తీసే మనిషి రోజూ కావాలి.

జీతం మొదట్లో ఆ ఆసుపత్రిలో టెక్నీషియన్‌కు ఎంత ఇస్తారో అంతే. ఇంట్లో చెప్పేటప్పుడు ఈ మాట దాచకండి. నాలుగైదు రకాల మిషన్ల మీద చేయి తిరిగాక, రిసెర్చ్ ప్రాజెక్టుల్లో పని చేసిన అనుభవం వచ్చాక పరిస్థితి మారుతుంది. కొత్త మందుల ట్రయల్స్‌లో ఫొటోలు ఒకే పద్ధతిలో తీయగలిగినట్టు సర్టిఫై అయినవాళ్లనే తీసుకుంటారు.

అయితే ఏం చదవాలి?

"మెడికల్ ఫొటోగ్రఫీ" అని బోర్డు పెట్టుకున్న డిగ్రీ కోసం వెతికి టైమ్ పోగొట్టుకోకండి. రెండు వైపుల నుంచి రావచ్చు.

మొదటిది వైద్యం వైపు. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎస్సీ ఆప్టోమెట్రీ (కంటి చూపు పరీక్షల చదువు) చేయవచ్చు, లేదా పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల ఆప్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమా. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్, మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ లాంటి పెద్ద కంటి సంస్థలు సొంతంగా శిక్షణ ఇచ్చి మనుషుల్ని తయారుచేసుకుంటాయి. ఈ దారిలో వచ్చినవాళ్లకు కన్ను తెలుసు, కెమెరా నేర్చుకోవాలి.

రెండోది ఫొటోగ్రఫీ వైపు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ డిగ్రీ ఉంది. ఇలా వచ్చినవాళ్లకు వెలుతురు తెలుసు, శరీరం నేర్చుకోవాలి. నేను ఈ రెండో వైపు నుంచి, అదీ డిగ్రీ లేకుండా వచ్చాను. అనాటమీ పుస్తకం ముందు పెట్టుకుని రాత్రుళ్లు కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు మొదటి దారే చెబుతాను. ఆసుపత్రులు ఇప్పుడు సర్టిఫికెట్ అడుగుతున్నాయి. పైగా ఫొటో పని దొరకని రోజు కూడా ఆప్టోమెట్రీ అన్నం పెడుతుంది.

కంటి ఆసుపత్రిలో రోజంతా ఏం చేస్తారు?

పొద్దున ఎనిమిదికల్లా గది బయట బెంచీల మీద చుక్కలు వేయించుకున్నవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు. ఎక్కువమంది షుగర్ పేషెంట్లే. చుక్కలతో కంటిపాప పెద్దదయ్యాక ఫండస్ కెమెరా (రెటీనాను ఫొటో తీసే మిషన్) ముందు కూర్చోబెడతాం. "గడ్డం ఇక్కడ పెట్టండమ్మా, నుదురు ఆనించండి, లోపల పచ్చ లైటు కనిపిస్తోందా? దాన్నే చూడండి." ఈ మూడు మాటలు రోజుకు ఎన్నిసార్లంటానో లెక్కలేదు. ఒక్కోసారి పేషెంట్ "ఏ లైటూ కనిపించట్లేదయ్యా" అంటారు. ఆ కంటికి చూపు లేదని అప్పుడు అర్థమవుతుంది. రెండో కంటి ముందు చిన్న లైటు పెట్టి, దాన్ని చూడమని, మొదటి కంటిని తీయాలి. కొందరికి శుక్లం అడ్డొస్తుంది, కొందరికి రెప్ప వెంట్రుకల నీడ పడుతుంది, కొందరికి చుక్కలు వేసినా పాప విచ్చుకోదు. ఒక్కో కంటికి ఒక్కో దారి వెతుక్కోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎఫ్ఎఫ్ఏ, అంటే ఫండస్ ఫ్లోరెసీన్ యాంజియోగ్రఫీ. నర్సు చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కిస్తుంది. దాదాపు 10 నుంచి 15 సెకన్లలో ఆ మందు కంటికి చేరుతుంది. నీలి వెలుతురు పడగానే రక్తనాళాలు పచ్చగా మెరుస్తాయి. ధమనులు నిండటం, తర్వాత సిరలు నిండటం సెకను సెకనుకూ తీయాలి. ఆ తొలి అర నిమిషం పోతే మళ్లీ రాదు, మందు మళ్లీ ఎక్కించమని అడగలేం. తర్వాత ఐదు, పది నిమిషాలకు మళ్లీ తీస్తే, మందు ఎక్కడ కారుతోందో అక్కడ మసకగా వెలుగు కనిపిస్తుంది. డాక్టర్‌కు కావాల్సిన జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది. కొందరికి వికారం వస్తుంది, ఒక రోజంతా మూత్రం పసుపుగా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇంటికెళ్లి కంగారుపడతారు. తీవ్రమైన అలర్జీ అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టర్, ఎమర్జెన్సీ ట్రే దగ్గర లేకుండా ఈ పరీక్ష మొదలుపెట్టకూడదు.

విద్యార్థులకు ఇంకో సంగతి చెప్పాలి. మనుషుల మీద ఈ పద్ధతి నిలబడేలా చేసిన నొవోట్నీ, ఆల్విస్ ఇద్దరూ అప్పటికి అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో వైద్య విద్యార్థులే. తొలి పరీక్ష ఆల్విస్ కంటి మీదే జరిగింది. కంటి జర్నళ్లు వెనక్కి పంపిన వాళ్ల పేపర్ 1961లో గుండె, రక్తప్రసరణ జర్నల్‌లో అచ్చయింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్లు తీయడం ఇంకా సున్నితమైన పని. 34 వారాల కంటే ముందు పుట్టిన, లేదా 2 కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు పుట్టిన నెలలోపే రెటీనా పరీక్ష జరగాలి. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. దీనికి 130 డిగ్రీల వెడల్పు ఒకేసారి చూపించే కెమెరా వాడతారు. తల్లి తలుపు బయట నిలబడి ఏడుస్తుంటే లోపల చేయి వణకకుండా పని చేయాలి.

పేషెంట్లు "ఏమైనా ఉందా బాబూ?" అని అడిగితే?

అడుగుతారు, ప్రతిరోజూ. స్క్రీన్ మీద మీకు కనిపిస్తూనే ఉంటుంది కూడా. "డాక్టర్ గారు చూసి చెబుతారమ్మా, ఫొటో బాగా వచ్చింది" అనండి. అంతకు మించి ఒక్క మాట కూడా అనొద్దు. ముఖంలోనూ చూపించొద్దు. ఇది నేర్చుకోవడానికి నాకు కెమెరా నేర్చుకోవడం కంటే ఎక్కువ కాలం పట్టింది.

నేను పెళ్లిళ్లు, మోడల్ షూట్లు బాగా తీస్తాను. అది పనికొస్తుందా?

చేతి నైపుణ్యం పనికొస్తుంది. అలవాట్లు చాలావరకు వదులుకోవాలి. పెళ్లి ఫొటోలో మనిషిని ఉన్నదానికంటే అందంగా చూపిస్తే మెచ్చుకుంటారు. ఇక్కడ అది తప్పు. మచ్చ చెరపకూడదు, చర్మం నునుపు చేయకూడదు, రంగు పెంచకూడదు. మొత్తం ఫొటోకు వెలుతురు సరిచేయడం, అంచులు కత్తిరించడం వరకే. అసలు ఫైల్ ముట్టుకోకుండా అలాగే దాచాలి.

ఇంకో తేడా ఉంది, అది ఇంకా పెద్దది. ఇక్కడ ప్రతి ఫొటో పోయినసారి తీసిన ఫొటోలాగే ఉండాలి. నేను చేరిన మొదటి నెలల్లో కనురెప్ప వాలిపోయిన ఒక పెద్దాయనకు ఆపరేషన్‌కు ముందు ఫొటో తీశాను. రెండు నెలల తర్వాత మళ్లీ తీశాను. రెండోసారి ఆయన గడ్డం కాస్త పైకెత్తి ఉంది, నా కెమెరా కాస్త కిందికి ఉంది. నేను గమనించలేదు. సర్జన్ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "ఈ తేడా ఆపరేషన్ వల్ల వచ్చిందా, నువ్వు తీసిన కోణం వల్ల వచ్చిందా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. మొదటి ఫొటో మళ్లీ తీయడానికి వీల్లేదు, ఆ కన్ను ఇక అలా లేదు. ఆ సాయంత్రమే నేల మీద టేపు అంటించాను. పేషెంట్ కుర్చీ ఎక్కడ, నా పాదాలు ఎక్కడ, ట్రైపాడ్ ఎత్తు ఎంత, ఏ లెన్స్, ఫ్లాష్ ఎంత అన్నీ గోడ మీద రాసి పెట్టాను. అప్పటి నుంచి ముఖం ఫొటో ఎప్పుడూ ఒకటే పద్ధతి: లెన్స్ కళ్ల ఎత్తులో, చెవి రంధ్రం నుంచి కంటి కింది ఎముక దాకా ఊహించిన గీత నేలకు సమాంతరంగా, వెనక ఒకే రంగు గుడ్డ.

మన వాళ్ల ముఖాలకు సంబంధించిన కొన్ని సంగతులు విదేశీ పుస్తకాల్లో దొరకవు. పసుపు రాసుకుని వచ్చిన ఆవిడ చర్మం అసలు రంగు ఫొటోలో రాదు. కాటుక రెప్ప అంచును కప్పేస్తుంది. తలకు రాసిన కొబ్బరినూనె నుదుటి మీదికి జారి ఫ్లాష్‌కు మెరుస్తుంది. పౌడరు మచ్చను దాస్తుంది. తడిగుడ్డ ఇచ్చి, ఎందుకో చెప్పి, తుడుచుకోమని అడగాలి. ముక్కుపుడక తీయమంటే చాలామంది తీస్తారు. మంగళసూత్రం తీయమని మాత్రం అడగకండి. మెడ ఫొటో కావాలంటే వెనక్కి వేసుకోమంటే సరిపోతుంది. ఇంకొకటి: ఎర్రదనం తెల్లటి చర్మం మీద కనిపించినంత తేలిగ్గా చామనఛాయ చర్మం మీద కనిపించదు. వెలుతురు సరిగా లేకపోతే దద్దురు ఫొటోలో ఉండనే ఉండదు.

ఏ కెమెరా కొనాలి?

నేర్చుకోవడానికి ఏదీ కొనకండి, ఫోన్ చాలు. మరీ దగ్గరికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి కాబట్టి కొంచెం దూరం జరిగి 2 రెట్లు జూమ్‌లో తీయండి. ఎప్పుడైనా కొనాల్సి వస్తే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ బాడీ, 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గరి నుంచి తీసేది). ఫండస్ కెమెరా, ఓసీటీ (రెటీనా పొరలను చూపించే స్కానర్) లాంటివి ఆసుపత్రివే.

పేషెంట్ అనుమతి ఎలా తీసుకోవాలి?

కాగితం మీద సంతకం ఒక్కటే అనుమతి కాదు. మన ఓపీలో వేలిముద్ర వేసేవాళ్లూ ఉంటారు. డాక్టర్ పక్కన ఉంటే "వద్దు" అనే ధైర్యం చాలామందికి రాదు. అందుకే తెలుగులో, నెమ్మదిగా మూడు సంగతులు విడివిడిగా చెప్పాలి. ఈ ఫొటో మీ ఫైల్‌లో మీ వైద్యం కోసం ఉంటుంది. స్టూడెంట్లకు పాఠం చెప్పడానికి చూపించవచ్చా? పత్రికలోనో పుస్తకంలోనో వేయవచ్చా? మొదటిదానికి సరే అని మిగతా రెండిటికీ వద్దనే హక్కు వాళ్లకుంది. వద్దన్నా వైద్యంలో ఏ తేడా ఉండదని మన నోటితో చెప్పాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నలను అడగాలి, మాట తెలిసిన వయసైతే పిల్లల్ని కూడా అడగాలి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నిబంధనల ప్రకారం కూడా, గుర్తుపట్టే రీతిలో ఉన్న పేషెంట్ ఫొటోను అనుమతి లేకుండా డాక్టర్ ప్రచురించకూడదు.

సొంత ఫోన్‌లో తీసి డాక్టర్‌కు వాట్సాప్ చేయడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. తొందరలో ఎందుకు చేస్తారో నాకు తెలుసు. అయినా మీరు చేయకండి. ఆ ఫొటో మీ గ్యాలరీలో మీ చెల్లి పుట్టినరోజు ఫొటోల పక్కన కూర్చుంటుంది, క్లౌడ్‌లోకి వెళ్తుంది, ఫోన్ పోతే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

కళ్ల మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుంది కదా?

సరిపోదు. మెడికల్ జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ కూడా ఇదే అంటోంది. ముక్కు, నోరు, దవడ చూసి సొంతవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. చేతి మీద పచ్చబొట్టు, మెడలో లాకెట్, వెనక గోడ మీద ఊరి పేరు ఉన్న క్యాలెండర్ కూడా పట్టిస్తాయి. నల్గొండ ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలు ఆలోచించండి. ఒక చిన్న ఊళ్లో అంతగా వంగిపోయిన మనిషి ఒక్కరే ఉంటే ముఖం మొత్తం కప్పినా ఊరంతటికీ తెలుసు. అలాంటప్పుడు దాచడం కుదరదని ఒప్పుకుని, ఆ మనిషిని అడగడమే దారి.

అమ్మాయిలకు ఈ పని ఎలా ఉంటుంది?

అమ్మాయిలు కావాలి, చాలా కావాలి. రొమ్ము ఆపరేషన్, కాలిన గాయాలు, చర్మవ్యాధుల ఫొటోలకు ఆడవాళ్లు మగ ఫొటోగ్రాఫర్ ముందు ముడుచుకుపోతారు. మగవాడు తీసేటప్పుడు నర్సో, పేషెంట్ తాలూకు ఆడమనిషో గదిలో తప్పకుండా ఉండాలి. కావాల్సిన భాగం తప్ప మిగతా అంతా కప్పి ఉంచాలి.

ఫోరెన్సిక్ వైపు వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం 7 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాల సేకరణను వీడియో తీయించాలి. ఈ ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు, కాబట్టి మనుషుల అవసరం పెరుగుతుంది. హైదరాబాద్‌లో పోలీసుల క్లూస్ టీముల పని ఇలాంటిదే. ఫోరెన్సిక్ సైన్స్ చదువు ఇక్కడ బలం. గాయం ఫొటోకు పద్ధతి ఒకటే: దూరం నుంచి, మధ్య దూరం నుంచి, దగ్గరి నుంచి. దగ్గరిది స్కేలు లేకుండా ఒకటి, స్కేలు పెట్టి ఒకటి. కెమెరా గాయానికి ఎదురుగా నిటారుగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది. కోర్టులో ఆ కొలత మీద ఒక మనిషి జీవితం ఆధారపడవచ్చు.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగం ఉంటుందా?

2016లో గూగుల్ పరిశోధకులు రెటీనా ఫొటోలు చూసి షుగర్ వల్ల కంటికి వచ్చిన జబ్బును కంప్యూటర్ గుర్తించగలదని జామా అనే అమెరికా వైద్య పత్రికలో చూపించారు. దానికి నేర్పిన లక్షా 28 వేల పైచిలుకు ఫొటోల్లో అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి. ఆ ఫొటోలు ఎవరో ఒకరు గడ్డం పట్టీ సరిచేసి, "పచ్చ లైటు చూడండమ్మా" అని తీసినవే. ఫొటో మసగ్గా ఉంటే కంప్యూటర్ కూడా చూడలేదు. మామూలు స్క్రీనింగ్ ఫొటోలు మాత్రం రానురాను మిషన్లు వాటంతటవే తీస్తాయి, ఆ మార్పు మొదలైంది కూడా. కాబట్టి బటన్ నొక్కడం ఒక్కటే నేర్చుకుని ఆగిపోకండి. ఎఫ్ఎఫ్ఏ, పసిపిల్లల ఇమేజింగ్, ఆపరేషన్ థియేటర్ పని వచ్చినవాళ్లకు చోటు ఉంటుంది.

విదేశాల్లో?

బ్రిటన్‌లో ఇది గుర్తింపు ఉన్న వృత్తి. ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) పెద్ద ఆసుపత్రుల్లో మెడికల్ ఇలస్ట్రేషన్ (వైద్య ఫొటోలు, బొమ్మల) విభాగాలు ఉన్నాయి, 1968 నుంచి వాళ్లకు సొంత ఇన్‌స్టిట్యూట్ ఉంది. అమెరికాలో 1931లో మొదలైన సంఘమే ఇప్పుడు బయోకమ్యూనికేషన్స్ అసోసియేషన్. అక్కడి ఆప్తాల్మిక్ ఫొటోగ్రాఫర్స్ సొసైటీ ఇచ్చే సీఆర్ఏ (సర్టిఫైడ్ రెటినల్ యాంజియోగ్రాఫర్) సర్టిఫికెట్‌కు కంటి రంగంలో విలువుంది. చదువు ఖర్చు, వీసా లెక్క మాత్రం ముందే చూసుకోండి. ఇక్కడ రెండు మూడేళ్లు పని చేసి వెళ్లినవాళ్లకు దారి కొంచెం తేలిక.

రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. మానేయమంటారా?

ఇప్పుడే మానేయకండి. మొదటిసారి థియేటర్‌లో చాలామందికి తిరుగుతాయి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, మోకాళ్లు బిగించి నిలబడొద్దు. తల తేలికగా అనిపిస్తే ఎవరితోనైనా చెప్పి వెనక్కి వచ్చి గోడకు ఆనుకుని కూర్చోండి. టేబుల్ వైపు పడకూడదు, అంతే. పచ్చ గుడ్డ పరిచిన చోట దేన్నీ తాకకూడదు, కెమెరా పట్టీ కూడా వేలాడకూడదు. చేరేముందు హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తిచేయండి, ఆరు నెలలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టాలి. కొన్ని నెలల తర్వాత కూడా రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే కంటి విభాగం, డెంటల్ ఎంచుకోండి, అక్కడ రక్తం తక్కువ.

ఆసుపత్రిలో అడుగుపెట్టకుండానే పోర్ట్‌ఫోలియో ఎలా తయారుచేసుకోవాలి?

దయచేసి ఆసుపత్రిలో ఉన్న బంధువుల గాయాలు తీసి పెట్టుకోకండి. ఇంట్లో ఉన్నవాటితోనే చేయవచ్చు. ఒక రూపాయి బిళ్లను పది రోజుల పాటు రోజుకొకసారి, ప్రతిసారీ అన్నీ తీసేసి మళ్లీ సర్దుకుని తీయండి. పది ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలవాలి. నిగనిగలాడే వంకాయను ఫ్లాష్‌తో తీయండి. తెల్లటి మెరుపు పడుతుంది, తడి గాయం మీద కూడా అదే పడుతుంది. ఫ్లాష్ మీద పోలరైజింగ్ షీటు, లెన్స్ మీద ఫిల్టర్ పెట్టి, ఫిల్టర్‌ను తిప్పుతూ ఆ మెరుపు మాయమయ్యే చోటు పట్టుకోండి. దెబ్బ తగిలిన జామకాయ నల్లబడటాన్ని స్కేలు పెట్టి వారం రోజులు తీయండి. అమ్మ చేతులను, ఆవిడ ఒప్పుకుంటే, రెండు వైపులా ఒకే వెలుతురులో తీయండి. ప్రతి ఫొటో కింద తేదీ, దూరం, లెన్స్, ఫ్లాష్ వివరాలు రాయండి. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఈ రూపాయి బిళ్ల ఫొటోలు పదీ చూపిస్తే, నేను మొదట చూసేది వాటి కింద రాసిన ఆ వరసలే.